ఇంకో నెల నడుస్తుందిలే!

"ఇంకో నెల నడుస్తుందిలే" అని మా ఇంట్లో వినపడని వారం ఉండదు. ఆ నెల ఏ క్యాలెండర్లో ఉందో నాకైతే ఇంతవరకూ కనబడలేదు. ఫ్యాను రెగ్యులేటరు గురించి ఆ మాట అంటే సరే అంటాను. కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టి సర్దుకుంటాను. కానీ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే కారు బ్రేకుల గురించి అదే మాట అంటే మాత్రం ఊరుకోను. మీరూ ఊరుకోకండి.

మాది పదకొండేళ్ళ చిన్న కారు. మొన్న సర్వీసుకి ఇస్తే ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి, మార్చాలి అన్నాడు మెకానిక్. కూలీతో కలిపి 2,200 అవుతుందన్నాడు. "వచ్చే సర్వీసుకి చూద్దాం" అన్నారు మావారు. అదే నెలలో 6,000 పెట్టి కొత్త సీటు కవర్లు వేయించారు. కూర్చోడానికి మెత్తగా ఉంటే చాలు, బండి ఆగకపోయినా పర్లేదన్నమాట!

ఇది మా ఒక్కింటి గోల కాదని నాకు తెలుసు. అందుకే వాళ్ళు చెప్పే సాకులన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: "పాత కారుకి ఇంకా డబ్బు పెట్టడం దండగ, ఎలాగూ అమ్మేస్తాం కదా." అమ్మేదాకా అందులో కూర్చునేది మనమే కదండీ? పోనీ అలాగే అమ్మేశాం అనుకోండి, కొనుక్కున్నవాళ్ళు కూడా పిల్లల్నే ఎక్కించుకుంటారు. కారు పాతదైతే బ్రేకు సగం పట్టినా చాలని ఎక్కడా లేదు.

రెండోది: "లోకల్‌లోనే కదా తిరిగేది." అసలు బ్రేకులు ఎక్కువ అరిగేదే ఊళ్ళో. హైవే మీద అరగంట తొక్కకుండా పోవచ్చు గానీ, మన సందుల్లో ఆటో, గేదె, స్కూలు పిల్లల సైకిలు, వీటికి నిమిషానికోసారి తొక్కాల్సిందే. పైగా ఆ లోకల్ కారే పండక్కి ఊరెళుతుంది, శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. నలభైలో సరిపోయిన బ్రేకు ఎనభైలోనూ సరిపోతుందనుకోవడం ఏం లెక్క?

మూడోది: "మెకానిక్కులు ఊరికే భయపెడతారు." ఇందులో కొంత నిజముంది, కాదనను. బాగున్న పార్టుని కూడా పోయిందనే వాళ్ళున్నారు. అలా అనుమానం వస్తే చక్రం విప్పించి కళ్ళతో చూడాలి, ఇంకో మెకానిక్‌ని అడగాలి. చూడకుండా వాయిదా వేస్తే అనుమానం ఎలా తీరుతుంది? కొత్త ప్యాడు మందం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 దగ్గరికొస్తే మార్చేయాలి. నేను పట్టుబట్టి మార్పించాక పాతవి ఇంటికి తెప్పించుకుని చూశాను. రెండు రూపాయల బిళ్ళంత మందం మిగిలింది!

నాలుగోది: "ఈ నెల ఖర్చులున్నాయి." ఏ నెల లేవండీ? ఖర్చు చూసేవాళ్ళే ఆలస్యం చేయకూడదు. ప్యాడు పూర్తిగా అరిగితే వెనకున్న ఇనపరేకు తిన్నగా డిస్కుని గీరుతుంది. అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాలి. అలా అయితే ఎంతవుతుందని అడిగితే మా మెకానిక్ 7,500 చెప్పాడు. ఆదా అంటే ఇదేనా?

ఇంకో సంగతి. చాలా కార్లలో ప్యాడు బాగా అరిగితే ఒక చిన్న లోహపు ముక్క డిస్కుకి రాసుకుని కీచుమంటుంది. కావాలనే అలా పెడతారు. ఆ చప్పుడు వినపడకుండా పాట పెంచేవాళ్ళున్నారు! ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేకు ఆయిలు మట్టం కూడా దిగుతుంది, ఎర్ర లైటు వెలగొచ్చు. కాస్త ఆయిలు పోయించి లైటు ఆర్పేస్తే, అరిగిన ప్యాడు అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది.

అలాగని చెప్పిందల్లా వెంటనే మార్చమని నేననను. సంసారం నడిపేవాళ్ళం, ఏది ఆగుతుందో ఏది ఆగదో మనకి తెలుసు. నా లెక్క ఇది: బండిని ఆపేవి, తిప్పేవి, నేలని పట్టుకునేవి, ఈ మూడూ ఆగకూడదు. బ్రేకులు, స్టీరింగు కింద బాల్ జాయింట్లు, టై రాడ్లు, టైర్లు. మిగతావాటిలో ఏసీ, బంపరు మీద గీత, ఎక్కనంటున్న కిటికీ అద్దం నెల కాదు, ఏడాది ఆగినా నాకేం ఇబ్బంది లేదు. విసనకర్ర ఉంది.

"నీకు కారు గురించి ఏం తెలుసు" అంటారా? టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మన దేశంలో రూలు. గాడిలో చిన్న చిన్న దిమ్మలుంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. బియ్యం బస్తా మీద తారీఖు చదివే మనకి ఇదొక లెక్కా?

సొంత కారుకి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. అది తిరిగి చేయించుకునేటప్పుడు గానీ ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. అంటే అన్నేళ్ళూ దాని బ్రేకులు చూడాల్సింది ఇంటివాళ్ళే. ఆ ఇంటివాళ్ళలో మనం లేమా? వెనక సీట్లో చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది మనం, నెల ఖర్చు రాసేది మనం, రిపేరు మాట వచ్చేసరికి మాత్రం "నీకెందుకు" అనిపించుకునేది కూడా మనమే.

ఈసారి సర్వీసు బిల్లు రాగానే అడిగి తీసుకోండి. "తర్వాత మార్చాలి" అని రాసినవి కింద ఉంటాయి, ముందు అవే చదవండి. వాటిలో ఆపేది, తిప్పేది, పట్టుకునేది ఏదైనా ఉంటే ఆ నెల చీటీ డబ్బులు ఆలస్యమైనా సరే, బండిని మళ్ళీ షెడ్డుకి పంపించండి. అప్పటిదాకా పిల్లల్ని ఆటోలో స్కూలుకి పంపండి. రెండు రోజులు ఆటో డబ్బులు ఇస్తే మీ ఇంట్లో ఆ "ఇంకో నెల" తొందరగానే వచ్చేస్తుంది.