నలభై దాటినా ‘నిచ్చెన’ ఎక్కొచ్చు

* మిల్లుల్లో రిలేల స్థానంలో పీఎల్‌సీలు
* పాత ఎలక్ట్రీషియన్లకు అనుభవమే పెట్టుబడి
* అడ్డంకి వయసు కాదు.. శిక్షణ వేళలు, భాష

తొర్రూరు: ధాన్యం సీజన్‌లో రైస్ మిల్లు డ్రైయర్ ఒక్క పూట ఆగిపోతే ఆ నష్టం మిల్లు గేటు దగ్గరే ఆగదు. లారీలు దిగుమతి కాక బారులు తీరుతాయి. కొనుగోలు కేంద్రంలో కాంటా మందగిస్తుంది. రైతు కుప్ప వద్ద కావలి కాస్తాడు, హమాలీకి ఆ పూట కూలి పోతుంది. ఇంత స్తంభనకు కారణం ఒక్కోసారి దుమ్ము పట్టిన చిన్న సెన్సారే కావచ్చు. దాన్ని కనిపెట్టే మనిషి స్థానికంగా లేకపోతే నగరం నుంచి టెక్నీషియన్ వచ్చేదాకా ఎదురుచూపులే. విచిత్రమేమిటంటే మోటార్లు, స్టార్టర్లతో 20 ఏళ్లుగా కుస్తీ పట్టిన ఎలక్ట్రీషియన్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారిలో చాలామంది కొత్త ప్యానెల్ తలుపు తెరిచి, లోపల ఉన్న పెట్టెను చూసి ‘ఇది చదువుకున్న పిల్లల పని’ అంటూ వెనుదిరుగుతున్నారు. ఆ పెట్టె ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే ఈ జంకు అక్కర్లేదు.

మారిన మిల్లు

పూర్వపు వరంగల్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరిన తొర్రూరు.. వరంగల్-ఖమ్మం రహదారిపై ఉన్న వ్యాపార కేంద్రం. చుట్టుపక్కల వరి, పత్తి ప్రధాన పంటలు. వాటి ఆధారంగానే ఈ ప్రాంతంలో రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు నడుస్తున్నాయి. ఒకప్పుడు మిల్లు ప్యానెల్ బోర్డు అంటే కాంటాక్టర్లు, రిలేలు, టైమర్లు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా వైర్లు. ఏ కాంటాక్టర్ ‘టక్’మని పట్టిందో, ఏది పట్టలేదో అనుభవజ్ఞులు చెవితోనే చెప్పేవారు.

కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరిలో ప్రారంభించిన పత్తి సాంకేతిక మిషన్ కింద జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల ఆధునికీకరణకు సాయం అందింది. ఆధునిక మిల్లుల్లో పత్తి తరలింపు నుంచి బేలు కట్టే ప్రెస్సు వరకు యంత్రాలు వరుస క్రమంలో వాటంతటవే నడుస్తాయి. రైస్ మిల్లుల డ్రైయర్లు, బాయిలర్లు, తూకం, ప్యాకింగ్ యంత్రాలకూ ఆటోమేటిక్ నియంత్రణ వచ్చింది. ఈ నియంత్రణకు గుండెకాయ వంటిది ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. క్లుప్తంగా పీఎల్‌సీ.

ఇది చేసే పని మూడు ముక్కల్లో చెప్పవచ్చు. మొదట స్విచ్‌లు, సెన్సార్ల స్థితిని చదువుతుంది. తర్వాత తనలో నిక్షిప్తం చేసిన ప్రోగ్రాంను వరుసగా అమలు చేస్తుంది. చివరగా మోటార్లకు, వాల్వులకు ఆదేశమిస్తుంది. సాధారణంగా కొన్ని మిల్లీ సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేసి మళ్లీ మొదటికొస్తుంది. పాత ప్యానెల్‌లో వైర్లు, రిలేలు చేసిన పనే ఇక్కడ ప్రోగ్రాం చేస్తోంది.

నిచ్చెన పుట్టింది వారి కోసమే

అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో ఒకప్పుడు కారు మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్లకు మళ్లీ వైరింగ్ చేయాల్సి వచ్చేది. ఈ ఖర్చు, కాలయాపన భరించలేక ఆ సంస్థకు చెందిన హైడ్రామాటిక్ విభాగం 1968లో ప్రత్యామ్నాయం కోసం అన్వేషించింది. రిచర్డ్ మోర్లే బృందం రూపొందించిన ‘మోడికాన్ 084’ దీనికి సమాధానమైంది. ఆ బృందం చేపట్టిన 84వ ప్రాజెక్టు కావడంతో దానికి ఆ పేరు వచ్చింది.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. కర్మాగారాల్లోని ఎలక్ట్రీషియన్లు కంప్యూటర్ భాషలు నేర్చుకున్నవారు కాదు. వారికి తెలిసింది రిలే డ్రాయింగు. అందుకే పీఎల్‌సీ ప్రోగ్రాంను కూడా రిలే డ్రాయింగు రూపంలోనే రాసే పద్ధతి తెచ్చారు. రెండు వైపులా రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లలా అడ్డగీతలు ఉండడంతో దానికి ‘లాడర్’.. అంటే నిచ్చెన.. అనే పేరు స్థిరపడింది. 1993లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61131-3లోనూ ఈ భాషకు చోటు దక్కింది. చేతిలో టెస్టర్, జేబులో స్క్రూడ్రైవర్ ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైన భాష ఇది. మోటారు స్టార్టర్ సర్క్యూట్‌ను కాగితంపై గీయగలిగిన వ్యక్తికి అందులో మొదటి మెట్టు ముందే తెలుసు.

తికమక పడేదెక్కడ?

అలాగని అంతా నల్లేరుపై బండి నడక కాదు. పాత అనుభవమే తికమక పెట్టే సందర్భాలూ ఉన్నాయి. స్టాప్ బటన్ ఇందుకు చక్కని ఉదాహరణ. మామూలు స్థితిలో కలిసి ఉండి, నొక్కితే తెగిపోయేలా దీన్ని వైరింగ్ చేస్తారు. రిలే డ్రాయింగులో దాన్ని ‘మూసి ఉన్న’ గుర్తుతో గీస్తారు. లాడర్‌లోనూ అదే గుర్తు వేస్తే యంత్రం అసలు స్టార్టే కాదు. బటన్ నొక్కనంతసేపూ పీఎల్‌సీకి కరెంటు అందుతూనే ఉంటుంది. కాబట్టి ప్రోగ్రాంలో ‘తెరిచి ఉన్న’ గుర్తు వేయాలి. ఆ గుర్తుకు అర్థం ‘సిగ్నల్ ఉంటే దారి ఇవ్వు’ అని మాత్రమే. వైరింగులోని కాంటాక్టు వేరు, ప్రోగ్రాంలోని ప్రశ్న వేరు అన్న ఈ ఒక్క ముక్క బోధపడితే సగం చిక్కు విడిపోతుంది. స్టాప్ బటన్ వైరు తెగినా యంత్రం ఆగిపోవాలన్న భద్రతా సూత్రం దీని వెనుక ఉంది.

కొత్తగా అలవరచుకోవాల్సిన జాగ్రత్తలూ ఉన్నాయి. ప్యానెల్‌లో 415 వోల్టుల లైను పక్కనే సెన్సార్లకు 24 వోల్టుల డీసీ లైను ఉంటుంది. పొరపాటున ఒకటి మరొకదాన్ని తాకితే కార్డులు కాలిపోతాయి. ల్యాప్‌టాప్‌తో ఔట్‌పుట్‌ను బలవంతంగా ఆన్ చేసే వీలుంది. యంత్రంలో ఎవరి చెయ్యి ఉందో చూడకుండా ఆ పని చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. ఎమర్జెన్సీ స్టాప్‌ను ప్రోగ్రాంకు మాత్రమే వదిలేయకుండా కరెంటును నేరుగా తెంచేలా వైరింగ్ చేయడం తప్పనిసరి.

మరమ్మతులో అనుభవానిదే పైచేయి

యంత్రం ఆగిందంటే ప్రోగ్రాం చెడిపోయిందని మొదట అనుమానిస్తారు. నడుస్తున్న ప్రోగ్రాం దానంతటది మారడం అరుదు. తెగిన వైరు, వదులైన స్క్రూ, పక్కకు జరిగిన లిమిట్ స్విచ్, దూది పేరుకున్న సెన్సార్.. లోపం ఎక్కువగా బయటే ఉంటుంది. ప్రతి ఇన్‌పుట్‌కు పీఎల్‌సీ మీద ఒక చిన్న లైటు ఉంటుంది. సెన్సార్ ముందు ఇనుప ముక్కో, చెయ్యో పెట్టినా లైటు వెలగకపోతే వెతకాల్సింది సెన్సార్, వైరు, సరఫరాల్లోనే. ఇన్‌పుట్ లైటు వెలిగినా ఔట్‌పుట్ లైటు వెలగకపోతే ప్రోగ్రాంలో ఏ షరతు నెరవేరలేదో చూడాలి. ఔట్‌పుట్ లైటు వెలిగినా మోటారు కదలకపోతే రిలే, కాంటాక్టర్, ఓవర్‌లోడ్‌లను పరీక్షించాలి. ఈ మూడు మెట్ల పరీక్షలో రెండు మెట్లు పాత ఎలక్ట్రీషియన్‌కు కొట్టిన పిండి. ఏ బేరింగు వేడెక్కుతుందో, ఏ ఎలివేటర్ ఎప్పుడు మొరాయిస్తుందో అతనికి తెలుసు. కొత్తగా చదువు ముగించి వచ్చిన యువకుడికి ల్యాప్‌టాప్ తెలుస్తుంది గానీ మిల్లు గుట్టు తెలియడానికి కొన్ని సీజన్లు పడుతుంది.

అడ్డంకులు వేరే ఉన్నాయి

ఈ వయసులో చదువు ఎక్కుతుందా అన్నది పైకి వినిపించే మాట. లోతుకు వెళ్తే కారణాలు వేరు. మొదటిది పూట గడవడం. రోజుకూలీపైనా, పిలిచిన పనిపైనా బతికే వ్యక్తి పనిదినాల్లో పగటిపూట తరగతులకు వెళ్తే ఇంట్లో పొయ్యి వెలగదు. రెండోది దూరం. తొర్రూరు నుంచి వరంగల్‌కు 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మూడోది భాష. సాఫ్ట్‌వేర్, మాన్యువల్, తెరపై కనిపించే ఫాల్టు సందేశం.. అన్నీ ఇంగ్లిషులోనే. కొడుకు వయసున్న వారి పక్కన కూర్చుని అడగడానికి మొహమాటం నాలుగోది.

సాఫ్ట్‌వేర్ ఖర్చు మాత్రం అనుకున్నంత అడ్డంకి కాదు. కోడెసిస్, ఓపెన్‌పీఎల్‌సీ వంటివి నేర్చుకునేవారికి ఉచితంగానే లభిస్తున్నాయి. యంత్రం లేకపోయినా కంప్యూటర్ తెరపైనే ప్రోగ్రాంను నడిపి చూసుకోవచ్చు. ఒక పాత ల్యాప్‌టాప్, రెండు బటన్లు, ఒక చిన్న పీఎల్‌సీ ఉంటే అభ్యాసం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

చూస్తూ ఊరుకుంటే..

యంత్రం మారినప్పుడు మనిషికి కొత్త దారి చూపకపోతే ఏమవుతుందో వరంగల్‌కు తెలియనిది కాదు. 1934లో నెలకొల్పిన ఆజంజాహి మిల్లు కొన్ని తరాలకు అన్నం పెట్టి, నష్టాల్లో చిక్కి మూతపడింది. అక్కడ సంపాదించిన నైపుణ్యం కార్మికులతోపాటే ఇంటి దారి పట్టింది. అదే వరంగల్ చెంత గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. కాజీపేటలో రైల్వే వ్యాగన్ల తయారీ కేంద్రానికి 2023 జులై 8న పునాది రాయి పడింది. నేటి కర్మాగారాల్లో కంట్రోలర్ లేని యంత్రం అరుదు. స్థానికులకు ఆ పని రాకపోతే హెల్పర్ కొలువులే మిగులుతాయి.

శిక్షణ వసతులు లేవనడానికీ వీల్లేదు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, రామంతాపూర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఆటోమేషన్ రంగంలో శిక్షణ ఇస్తున్నాయి. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా తీర్చిదిద్దే కార్యక్రమానికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో శ్రీకారం చుట్టారు. స్వల్పకాలిక కోర్సులూ ఇందులో భాగమే. ఈ ప్రయోగశాలలు సాయంత్రం తాళం పడితే పనిలో ఉన్నవారికి ఒరిగేదేమీ లేదు.

చేయాల్సిందేమిటి?

ఐటీఐల్లో ఆదివారం, సాయంత్రం వేళల్లో పనిలో ఉన్న ఎలక్ట్రీషియన్లకు ప్రత్యేక బ్యాచ్‌లు నిర్వహించాలి. మిల్లులకు పని తక్కువగా ఉండే నెలలను ఇందుకు ఎంచుకోవచ్చు. స్టార్టర్ సర్క్యూట్‌తో మొదలుపెట్టి లాడర్‌లోకి తీసుకెళ్లే పాఠం తెలుగులో ఉండాలి. ఫాల్టు సందేశాలకు తెలుగు అర్థాలతో చిన్న పుస్తకం అచ్చు వేసి ప్యానెల్ తలుపు లోపల వేలాడదీసినా మేలే. అనుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే విధానం కేంద్ర నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని మండలాల దాకా తేవాలి.

మిల్లు యజమానుల వంతూ ఉంది. యంత్రం కొనేటప్పుడే ప్రోగ్రాం ప్రతిని, పాస్‌వర్డును, డ్రాయింగును రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. పాత మోడళ్లలో కొన్నింటికి బ్యాటరీ అయిపోతే ప్రోగ్రాం చెరిగిపోతుంది. చేతిలో ప్రతి లేకపోతే తయారీదారు చెప్పిందే ధర. తమ దగ్గరే ఏళ్ల తరబడి పనిచేస్తున్న వ్యక్తిని కూలి కోయకుండా కొన్ని వారాలు శిక్షణకు పంపితే, సీజన్‌లో ఆగే ఒక్క రోజు నష్టంతో పోల్చినా ఆ ఖర్చు భారమనిపించదు. ధాన్యం కుప్ప వద్ద కావలి కాసే రైతుకూ ఆ మేలు అందుతుంది.