పరీక్ష కోసం గీసే బొమ్మ పత్తి చేనుకు రావాలి

పట్నం పోయి బొమ్మల చదువు చదివే పిల్లలు ఇప్పుడు పల్లెల్లోనూ అక్కడక్కడ కనిపిస్తున్నారు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లయిడ్ ఆర్ట్ పేరిట నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. సబ్బు పెట్టెపై ఏ రంగుండాలి, పోస్టరు మీద అక్షరం ఎంత లావుండాలి, కంపెనీ గుర్తు ఎట్లుండాలి అన్నవి ఇందులోని పాఠాలు. దీన్నే గ్రాఫిక్ డిజైన్ అంటున్నారు. ఒక్క బొమ్మ కోసం విద్యార్థి పదీ ఇరవై చిత్తు బొమ్మలు గీసి, వాటిలో ఒకటి ఏరి, రంగులేసి అధ్యాపకుల ముందు పెడతాడు. మార్కులు పడ్డాక ఆ బొమ్మ అటకెక్కుతుంది.

ఈ శ్రమలో కొంతైనా పురుగుమందు డబ్బా వైపు మళ్ళవలసిన అవసరం ఎంతైనా ఉంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పత్తి వేసే ప్రతి ఊరికీ ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బాపై పేకముక్కలోని డైమన్ లాంటి గుర్తు ఉండాలి. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అతి తీవ్రమైన విషం, పసుపైతే తీవ్రమైన విషం, నీలమైతే ఒక మోస్తరు, ఆకుపచ్చయితే స్వల్పం. పుర్రె, ఎముకల బొమ్మ ఎర్ర గుర్తుకే ఉంటుంది. చట్టం బాగానే ఉంది. కాని రైతు కంటికి పసుపు అంటే గడపకు పూసేది, పెండ్లికి పెట్టేది. విషంలో అది రెండవ మెట్టని ఎవరైనా చెబితే తప్ప ఎట్లా తెలుస్తుంది? పచ్చ రంగు చూస్తే పైరే గుర్తుకొస్తుంది, భయం పుట్టదు. ఇక జాగ్రత్తలంటారా, భూతద్దం పెట్టి చదవాల్సినంత సన్నటి అక్షరాల్లో ఉంటాయి. పైగా డబ్బా గట్టు మీదనే ఉండిపోతుంది. వీపున పంపు వేసుకొని మందు కొట్టే కూలీ దాన్ని చూడనే చూడడు.

చదువురాని వారికి బొమ్మతో చెప్పడం మన దేశానికి కొత్త కాదు. 1951-52 ఎన్నికల్లో కోట్లాది మంది గుర్తులు చూసే ఓటు వేశారు. 1980 దశకంలో ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ, మందుల కంపెనీల సంఘం కలిసి డబ్బాల కోసం చిన్న చిన్న బొమ్మలు తయారు చేయించాయి. అందులో చేతులు కడుక్కోమని చెప్పే బొమ్మలో నల్లా ఉంటుంది. పత్తి చేన్లో నల్లా ఎక్కడిది? బోరింగో, బావో, బిందెడు నీళ్ళో గీయాలంటే ఆ చేను తెలిసిన పిల్లలే కావాలి. పూర్వపు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం బరోడా దాకా పోయి చదివినా, ఆయనకు పేరు తెచ్చింది నుదుట పెద్ద బొట్టున్న తెలంగాణ పల్లె ఆడవాళ్ళ బొమ్మలే.

ఈ పనికి మార్కులు వేసేవారిలో రైతు కూడా ఉండాలి. జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్ యార్డుల్లో పత్తి బండ్లు బారులు తీరే రోజుల్లో విద్యార్థులు తమ చిత్తు బొమ్మలతో రావచ్చు. ఉట్నూరు సంతకు వెళ్ళి గోండి, కొలామి మాట్లాడేవారికీ చూపవచ్చు. ముందుగా ఏమీ చెప్పకుండా బొమ్మ చేతికిచ్చి, ‘ఇదేందో చెప్పు పెద్దయ్యా’ అని అడిగి, వచ్చిన జవాబు రాసుకుపోతే చాలు.