వాయిదాకు హద్దు

పాతబడిన కారు గల గృహస్థునకు ఏటేట ఎదురయ్యెడి ధర్మసందేహ మొకటి కలదు. అరిగిన భాగమును ఇప్పుడే మార్పింపవలెనా, లేక పంట చేతికి వచ్చువరకో, పెండ్లి ఖర్చు తీరువరకో సాగదీయవచ్చునా? పొదుపరి సాగదీయుమనును, భయస్థుడు తక్షణమే మార్పింపుమనును. అరిగినది ఏ భాగమో విచారింపకయే చెప్పు సమాధానములగుటచే ఈ రెండును అసంపూర్ణములని నా దృఢాభిప్రాయము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల నడుమ పాత కారు విలాసవస్తువు కాదు. పులివెందుల చుట్టుపట్ల చీనీతోట గల రైతునకును, జమ్మలమడుగు సీమలో నాపరాళ్ల వ్యాపారము చేయువానికిని, పెండ్లినగలు కొనుటకు ఇంటిల్లిపాదితో ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు బయలుదేరు గృహిణికిని అది అక్కరకు వచ్చు సాధనము. 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800, అంబాసిడరు వంటి బండ్లను నేటికిని ఆప్యాయముగా నడుపుకొనువారు కలరు. వానను నమ్మి, బోరును నమ్మి, చివరకు సంతధరను నమ్మి బ్రదుకవలసిన ఈ సీమలో, చేతిలో రొక్కమాడు మాసములు కొన్ని, ఆడని మాసములు పెక్కు. కావున మరమ్మతును వాయిదా వేయువానిని సోమరియని నిందించుట అన్యాయము. అది కుటుంబపోషణలో భాగమైన లెక్క.

మెకానిక్కు షెడ్డులలో తరచుగా వినబడు సంభాషణ యిది: “చీనీకాయలు కోసినాంక జూస్తాంలే అబ్బీ, అంతవరకూ బండి ఆడుతాదా?” అని యజమాని అడుగును. “ఆడుతాది న్నా” అని మెకానిక్కు బదులు చెప్పును. ఇరువురును అబద్ధమాడుటలేదు, బండి నిజముగనే ఆడును. అయితే అడుగవలసిన ప్రశ్న అది కాదు. “ఇది దారిలో తెగిపోతే ఏమైతాది?” అని అడుగవలెను. ఆ ప్రశ్నకు వచ్చు జవాబునుబట్టి వాయిదాకు హద్దు ఏర్పడును.

అద్దము దించు హ్యాండిలు విరిగిన ఉక్కపోత తప్ప వేరు నష్టము లేదు. క్లచ్ ప్లేటు అరిగిన ఎత్తు ఎక్కునపుడు ఇంజను రొద పెరుగునేగాని బండి ముందుకు సాగదు. తుదకు దారిప్రక్కన నిలిచిపోవును. రేడియేటరు గొట్టము మెత్తబడి ఉబ్బియున్నచో, నలువది డిగ్రీలు దాటు మన వేసవిలో అది పగిలి నీరు కారిపోవుటయు, గమనింపక నడిపిన ఇంజను చెడుటయు సంభవించును. చిన్న గొట్టమునకు పెట్టని డబ్బు పెద్ద మరమ్మతునకు పెట్టవలసివచ్చును. ఇవి యన్నియు ముఖ్యముగా యజమాని సౌఖ్యమునకో, ధనమునకో సంబంధించిన నష్టములు. వీని విషయమున నిర్ణయాధికారము అతనిదే.

ముందుచక్రమును పట్టియుంచు బాల్ జాయింటు సంగతి అట్టిది కాదు. గిన్నెవంటి గూటిలో ఉక్కుగుండు, గుండు చుట్టు గ్రీజు, ఆ గ్రీజు కారిపోకుండ పైన రబ్బరు తొడుగు: ఇంతియే దాని నిర్మాణము. పిడికిలిలో ఇముడునంతటి ఆ కీలుపై బండి బరువు పెట్టు ఒత్తిడియు, గుంతల దెబ్బలును, మలుపుల ఒరిపిడియు నిరంతరము పడుచుండును. రబ్బరు తొడుగు చినిగిన నాటినుండి లోపలికి దుమ్ము చేరును. నల్లరేగడి ధూళియు, పెన్న ఇసుకయు, నాపరాతి పొడియు ఆ గ్రీజులో కలిసి, కాపాడవలసిన గ్రీజే గుండును అరగదీయు ముద్దగా మారును. మొదట స్పీడుబ్రేకరు దాటునపుడు టకటకమను శబ్దము. పిమ్మట టైరు ఒకవైపు మాత్రమే నున్నబడుట. ఆ మీద స్టీరింగు ఒకప్రక్కకు లాగుట. ఈ సూచనలను ఉపేక్షించినచో ఏదో యొకనాడు గుండు గూటినుండి ఊడివచ్చును. చక్రము ప్రక్కకు ఒరిగిపోవును. ఆ క్షణమున స్టీరింగు పట్టుకొన్నవాని నైపుణ్యము నిష్ప్రయోజనమగును. అరిగిన బ్రేకు ప్యాడ్లు, టై రాడ్ ఎండు, నున్నబడిన టైరు ఈ కోవకు చెందినవే. వీనివలన ప్రమాదము బండిలోని వారితో ఆగదు. ఎదురుగా స్కూటరుపై వచ్చువాని మీదికి, రోడ్డంచున నడచు బాలుని మీదికి పోవును. తన సొమ్మును పందెమొడ్డుటకు యజమానికి హక్కు కలదు. పరుల ప్రాణములను ఒడ్డుటకు లేదు.

మన శాసనమును ఈ భేదమును గుర్తించినది. అపాయకరమగు లోపము బండిలో నున్నదని తెలిసియు, లేక సాధారణ జాగ్రత్తతో తెలిసికొనదగియుండియు, దానిని రోడ్డుపై నడుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము నేరము. ఎరుగననుట చాలదు, ఎరుగ యత్నింపవలెనని దాని భావము. అయితే పరీక్షించువారెవరు? బ్రిటనులో 1960లో పాత వాహనముల పరీక్ష ఆరంభమై, నేడు మూడేండ్లు నిండిన కారును ఏటేట పరీక్షింపవలెనను నియమముగా స్థిరపడినది. మన దేశమున సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట ఐదేండ్లకొకసారి పునరుద్ధరణము. ఆ నడిమికాలమున ఆ బండికి పరీక్షాధికారి దాని యజమాని మనస్సాక్షియే.

“బండి వెలయే అంతంతమాత్రము, దానిపై ఇంకను పోయుటెందుకు?” అను వాదమును తరచు విందుము. బండి వెల తగ్గినంత మాత్రమున అందు కూర్చున్నవారి వెల తగ్గదు. పైగా అరిగిన కీలు మంచి టైరును తినివేయును గనుక, లెక్క చూచినను ఈ వాయిదా గిట్టుబాటు కాదు.

దసరా వైభవమునకు ప్రొద్దుటూరు పేరుగాంచినది. ఆయుధపూజనాడు కారును కడిగి, పసుపుకుంకుమలు పెట్టని ఇల్లు మన సీమలో అరుదు. ఆ పూజకు పూర్వదినమున బండిని తెలిసిన మెకానిక్కువద్దకు కొనిపోయి, ముందుచక్రములను నేల విడువనెత్తించి, పైనొక చేయి, క్రిందనొక చేయి వేయించి ఊపించి చూచుట ఆచారమగునుగాక. చక్రము కిటకిటలాడినచో అది ఏ కీలువలననో అతనిచేతనే చూపించుకొనుడు. రబ్బరు తొడుగులను, ప్యాడ్లను మీ కన్నులతో చూడుడు. మార్పించుటకు ఆనాడు డబ్బు కుదరనిచో మరమ్మతును నిస్సంకోచముగా వాయిదా వేయుడు. కాని దానితోపాటు ప్రయాణమునుగూడ వాయిదా వేయుడు. చీనీకాయల డబ్బు వచ్చువరకు కారు ఇంటిముందు నిలిచియుండవచ్చును. అందాక జమ్మలమడుగునకు పోవుటకు ఆర్టీసీ బస్సు కలదు.