ఫార్వర్డ్ చేసిన చేతికీ వాటా ఉంది

"నాకు వచ్చింది, పంపాను. నిజమో కాదో నాకేం తెలుసు?" మన ఇళ్లలో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో రోజూ వినిపించే మాట ఇది. కాస్త గట్టిగా నిలదీస్తే ఇంకో ముక్క కలుస్తుంది: "నలుగురూ జాగ్రత్తగా ఉంటారని పంపాను, తప్పేముంది?" ఇలా అనేవాళ్లు దుర్మార్గులు కారు. మన పెదనాన్నగారు, పక్కింటి పిన్నిగారు, బడిలో పాఠాలు చెప్పే మాస్టారు అంటున్నారు. మనమూ అంటున్నాం. అందుకే ఇది మనమంతా కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.

2018 వేసవిలో తిరిగిన ఒక వీడియోను గుర్తు చేసుకోండి. ఇరుకు వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. బైకు మీద ఇద్దరు వస్తారు. వెనక కూర్చున్నవాడు వంగి ఒక పిల్లాణ్ణి అందుకుంటాడు, బైకు దూసుకుపోతుంది. చూసిన ఏ తల్లికైనా గుండె ఆగినంత పనవుతుంది. "మన జిల్లాలోకి ముఠా దిగింది, పిల్లలు భద్రం" అని కింద రాసి ఉంటే ఇంక ఆలోచన ఎక్కడిది, వేలు దానంతటదే కదులుతుంది. ఆ వీడియో మన దేశంలో తీసింది కాదు. పిల్లల భద్రత గురించి హెచ్చరించడానికి పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి, పిల్లాణ్ణి దింపి, కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి క్షణం చాలని రాసిన అట్ట పట్టుకుని చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. కత్తిరించినవాడు ఒక్కడే అయి ఉండవచ్చు. మిగతా పనంతా చేసింది మనం.

ఆ పని ఎంత దూరం వెళ్లిందో బీదర్ జిల్లా ముర్కి గ్రామం చెబుతుంది. 2018 జులై 13న హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు అటు వెళ్లారు. దారిలో ఒక ఊరి దగ్గర పిల్లలు కనిపిస్తే చాక్లెట్లు పంచారు. అంతే, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లన్నారు. జనం చుట్టుముట్టడంతో భయపడి కారులో బయలుదేరారు. కారు ముర్కి చేరేలోగా వాళ్ల వీడియో అక్కడి గ్రూపుల్లోకి చేరిపోయింది. జనం దారికి అడ్డం నిలిచారు, కారు పల్టీ కొట్టింది. పోలీసులు అడ్డుపడ్డా గుంపు ఆగలేదు. 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు అక్కడే ప్రాణం విడిచారు. హైదరాబాద్‌లో ఆయన కోసం ఎదురు చూసే ఇల్లు ఉంది. ఆయన చేసిన నేరం పిల్లలకు చాక్లెట్ ఇవ్వడం.

రాయి విసిరినవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. వీడియో పంపి, భోజనానికి లేచి వెళ్లిపోయినవాళ్ల సంగతేమిటి? తమ చేతికి నెత్తురు అంటలేదని వాళ్లు అనుకుని ఉండవచ్చు. నేను ఒప్పుకోను. ఆ గుంపును పోగు చేసింది వాళ్లే.

ఆ ఏడాది దెబ్బలు తిన్నవాళ్లెవరో చూడండి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్లపై గుంపు పడింది, ఒకరు చనిపోయారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, వారపు సంత రోజున, అడుక్కుని బతికే సంచార జాతికి చెందిన అయిదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలోకి ఈడ్చి కొట్టి చంపారు. మన దగ్గర తిరిగిన సందేశాల్లో 'పార్థీ ముఠా' అనే పేరు ఉండేది. పార్థీలు ఒక సంచార తెగ. 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలుగా ముద్ర పడ్డవాళ్లు. స్వతంత్ర భారతం 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. చట్టం చెరిపేసిన ముద్రను మనం ఫోన్లతో మళ్లీ వేశాం. ఊరికి కొత్తవాడు, భాష రానివాడు, మతి స్థిమితం లేనివాడు, జోలె పట్టుకున్నవాడు: పుకారు ఎప్పుడూ వీళ్లనే వెతుక్కుంటూ పోతుంది. అడగడానికి వెనక ఎవరూ లేనివాళ్లను మనం ఎంచుకున్నాం. ఇందులో సిగ్గుపడవలసింది చాలా ఉంది.

ఇన్ని చావుల తర్వాత వాట్సాప్ 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకే పంపగలిగేలా కట్టడి చేసింది. పదేపదే తిరిగిన సందేశాలను 2020 ఏప్రిల్ నుంచి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. మంచిదే, ముందే చేయవలసింది. కానీ అయిదుగురు తలా అయిదుగురికి, వాళ్లు మళ్లీ తలా అయిదుగురికి పంపుతూ పోతే అయిదో మెట్టుకే ఆ అబద్ధం 3,125 మందికి చేరుతుంది. కంపెనీ పెట్టిన కట్టడి మన బదులు ఆలోచించదు.

ఆలోచించిన ఊళ్లూ ఉన్నాయి. అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపలే ఉంటున్నారని ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లు గమనించారు. ఆరా తీస్తే ఫోన్లలో ఈ వీడియోలు బయటపడ్డాయి. పోలీసులు బెదిరించడం మాని, డప్పు పట్టుకుని ఊరూరా తిరిగారు. పాటలు కట్టి పాడారు. 400 పైచిలుకు గ్రామాల్లో ఈ ప్రచారం సాగింది. ఊరి గ్రూపుల్లో స్థానిక పోలీసులూ చేరారు. అనుమానం వస్తే కర్ర అందుకోకుండా కబురు పెట్టమన్నారు. జనం విన్నారు. ఆ పల్లెల్లోవీ మన చేతుల్లో ఉన్నవాటిలాంటి ఫోన్లే, వాళ్లకొచ్చినవీ ఆ వీడియోలే. వాళ్లు ఆగగలిగారంటే మనమూ ఆగగలం.

పుకారు ఇప్పుడు కొత్త వేషాల్లో వస్తోంది. కాలేజీ అమ్మాయి ముఖం అతికించిన బొమ్మ, కృత్రిమ మేధతో కల్పించిన గొంతు, ఎక్కడిదో పాత గొడవ వీడియో మన ఊరి పేరుతో. తర్వాత అది అబద్ధమని తేలినా, పంపినవాళ్లలో ఎంతమంది ఆ నిజాన్ని అదే గ్రూపులో పెట్టారు? అబద్ధాన్ని పంచడానికి ఉన్న తొందర నిజాన్ని పంచడానికి లేకపోవడమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతోంది.

దారిన పోయే మనిషికి మంచినీళ్లిచ్చి "ఏ ఊరు నాయనా?" అని అడిగిన జాతి మనది. ఆ ప్రశ్న ఇప్పటికీ అడగవచ్చు. నిజంగా అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయండి. గ్రూపు అడ్మిన్లూ, అబద్ధం కనిపించిన చోటే అబద్ధమని చెప్పండి, మొహమాటపడకండి. పెద్దాయన పంపారని ఊరుకోకండి, మర్యాదగానే చెప్పవచ్చు. ఎవరు చెప్పారో, ఎక్కడ జరిగిందో, ఎప్పటిదో తెలియని దేన్నీ ముందుకు పంపకండి. ఇదివరకే పంపి ఉంటే, అది తప్పని ఈ రోజే అదే గ్రూపులో రాయండి.