పేపరు మీది పేరు, పేరు వెనుక పని

'ఫెర్రమ్' అంటే లాటిన్ భాషలో ఇనుము. ఫెర్రోఎలెక్ట్రిక్ అన్న మాట వినగానే అందులో ఇనుము ఉంటుంది కాబోలు అనుకుంటాం. నిజానికి ఆ జాతి పదార్థాల్లో చాలావాటికి ఇనుముతో సంబంధమే లేదు. ఇనుప అయస్కాంతం తన ధ్రువాలను నిలుపుకున్నట్టే ఇవి విద్యుత్ ధ్రువాలను నిలుపుకుంటాయి కనుక, ఆ పోలికతో వచ్చిన పేరు అది. పేరులో ఇనుము ఉంది, వస్తువులో లేదు. వస్తువుల సంగతి సరే, మనుషుల సంగతి ఏమిటి? పరిశోధన పత్రం మీద పేరుండి పనిలో లేనివారు, పనిలో ఉండి పేరు లేనివారు మన మధ్య ఎందరు? ఈ రెండు ప్రశ్నలనూ ఒకేచోట ఎందుకు పెట్టవలసి వచ్చిందో కాస్త ఓపికగా చదివితే తేలుతుంది.

ముందు వస్తువు సంగతి చూద్దాం. 1920లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాలసెక్ అనే విద్యార్థి రోషెల్ లవణం మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింత గమనించాడు. ఆ స్ఫటికానికి విద్యుత్ క్షేత్రం కలిగించి తీసివేసినా, కలిగిన ధ్రువణం పూర్తిగా పోలేదు. క్షేత్రాన్ని తిరగేస్తే ధ్రువణమూ తిరగబడింది. అంటే ఆ స్ఫటికానికి జ్ఞాపకం ఉందన్నమాట! అయితే రోషెల్ లవణం మహా సుకుమారం. సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఆ గుణం పోతుంది. మన పాలమూరు ఎండలకు అది మాఘమాసం దాటి బతకదు. తరవాత రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా, రష్యా, జపాన్ దేశాలలో ఎవరికి వారే బేరియం టైటనేట్ గుణాన్ని కనిపెట్టారు. అది 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

ఇక ట్రాన్సిస్టరు. గేటు మీద వోల్టేజి పెడితే కింద ఉన్న చానెలులో కరెంటు పారుతుంది, తీస్తే ఆగుతుంది. కాలువ తూములాంటిదే. గేటుకూ చానెలుకూ మధ్య మామూలుగా ఉండే బంధక పొర బదులు ఫెర్రోఎలెక్ట్రిక్ పొర పెడితే, దాని ధ్రువణం ఒక దిక్కున ఉన్నప్పుడు తూము తెరిచి ఉంటుంది, రెండో దిక్కుకు తిరిగితే మూసుకుంటుంది. కరెంటు పోయినా ఆ స్థితి చెడదు. ఒకటా సున్నానా అని చదివి చూసుకున్నా చెరగదు. ఇటువంటి ఊహకు బెల్ ప్రయోగశాలకు చెందిన ఇయాన్ రాస్‌కు 1957లోనే పేటెంటు వచ్చింది. మరి ఇంతకాలం ఏమయింది?

జవాబు గద్వాల మగ్గం దగ్గర దొరుకుతుంది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసేచోట పోగుకు పోగు మెలివేసి పట్టించడమే అసలు నేర్పు. అక్కడ పొరపాటు జరిగితే చీర అక్కడే చిరుగుతుంది. సిలికాను మీద ఫెర్రోఎలెక్ట్రిక్ పొర వేసినప్పుడు వచ్చిన చిక్కు సరిగ్గా ఇటువంటిదే. రెండూ కలిసేచోట అణువులు ఒకదానిలోకి మరొకటి చొరబడేవి, ఆవేశాలు చిక్కుబడేవి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో కిమోండా అనే మెమరీ కంపెనీలో పనిచేస్తున్న పరిశోధకులకు హాఫ్నియం ఆక్సైడు పలుచని పొరలో ఈ గుణం కనిపించింది. ఆ ఆక్సైడు అప్పటికే చిప్పుల తయారీలో వాడుకలో ఉన్నది, సిలికానుతో పొసగేది. 2009లో కంపెనీ దివాలా తీసింది. పరిశోధకులు మాత్రం పని వదలలేదు, 2011లో పత్రం ప్రకటించారు. ఈనాడు పది నానోమీటర్ల మందం పొరలతో ఈ ట్రాన్సిస్టర్లు తయారవుతున్నాయంటే దాని చలవే.

ఇంకో విశేషమేమంటే, ఫెర్రోఎలెక్ట్రిక్ పదార్థం ప్రతిదీ ఒత్తిడికీ, వేడిలో మార్పుకూ స్పందిస్తుంది. 1969లో జపాన్ శాస్త్రజ్ఞుడు కవాయ్ పాలివినైలిడీన్ ఫ్లోరైడ్ అనే ప్లాస్టిక్కులో ఒత్తితే విద్యుత్తు పుట్టే గుణాన్ని చూపించాడు. అటువంటి పొరను గేటు మీద పెడితే తాకిడిని పసిగట్టేదీ, దాన్ని గుర్తుంచుకునేదీ ఒకే పరికరం కావచ్చు. జూరాల గేటు మీదనో, వేరుశనగ నిలవ ఉంచిన గోదాములోనో, కరెంటు పోయినా కొలత మరచిపోని సెన్సారు ఉంటే ఎంత మేలో మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా!

ఇక అసలు మెలిక ఇక్కడుంది. ఈ పరికరానికి జ్ఞాపకం ఉందని రుజువు చేసేది కాగితం మీది ఒక వలయం, హిస్టరిసిస్ లూపు. వోల్టేజి పెంచుతూ పోయి తిరిగి తగ్గిస్తే, పోయినదారీ వచ్చినదారీ వేరువేరుగా ఉంటాయి. కాని ఆవేశాలు సందుల్లో చిక్కుబడినా లూపు వస్తుంది. ఎన్-చానెలు ట్రాన్సిస్టరులో నిజమైన ఫెర్రోఎలెక్ట్రిక్ లూపు అపసవ్యంగా తిరిగితే, చిక్కుబడిన ఆవేశాల లూపు సవ్యంగా తిరుగుతుంది. బాణం గుర్తు వేయకుండా లూపు అచ్చువేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? జేమ్స్ స్కాట్ అనే శాస్త్రజ్ఞుడు 2008లో ఒక పత్రం రాసి, అరటిపండు తొక్కను కొలిచినా చూడ ముచ్చటైన లూపు వస్తుందని చూపించాడు. తొక్కలో ఫెర్రోఎలెక్ట్రిక్ గుణమేమీ లేదు, ఉన్నది లీకేజి మాత్రమే. ఆ లూపును నమ్ముకుని పేపర్లు వేసినవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక ఉండి ఉంటారు.

ఇప్పుడు చెప్పండి, ఆ లూపు ఎవరు తీశారు? వైరు సరిగా ఉందో లేదో ఎవరు చూశారు? పేపరు మీద అయిదు పేర్లుంటే, తప్పని తేలిననాడు ఎవరిని అడగాలి? కర్తృత్వమంటే కీర్తి ఒక్కటే కాదు, జవాబుదారీ కూడా. అచ్చయిన పేరు "ఇది నేను చూశాను, అడిగితే చెబుతాను" అనే వాగ్దానం. నా వాదమంతా ఇదే.

ఈ వాగ్దానం చరిత్రలో నిలిచిన సందర్భాలున్నాయి, చెడినవీ ఉన్నాయి. వాలసెక్‌కు రోషెల్ లవణం పని చూపించినవాడు గైడు స్వాన్. అయినా ఆ పత్రాన్ని శిష్యుడు ఒక్కడి పేరుతోనే వెలువడనిచ్చాడు. ఇక బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరులో మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించినవారు బార్డీన్, బ్రాటెన్. పత్రికలకు ఇచ్చిన ఫోటోలో పరికరం ముందు కూర్చున్నది వారి పై అధికారి షాక్లీ. పేటెంటు మీద ఆయన పేరు లేదు, ఫోటోలో మాత్రం నడిమధ్యన ఉన్నాడు! 1956లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది గాని, స్నేహం మిగలలేదు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోండి. 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద వచ్చిన పత్రంలో ఫిస్కే పేరు పక్కన ఆయన పేరుంది కనుకనే ఈనాటికీ లేబరేటరీల్లో 'ఫిస్కే-సుబ్బారో పద్ధతి' అంటున్నారు. తరవాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పనుల్లో ఇతరుల పేర్లు ముందుకు వచ్చాయి, ఆయన వెనుకనే ఉండిపోయాడు. ఒక్క పేరు అచ్చులో ఉండడానికీ లేకపోవడానికీ ఇంత తేడా.

ఈ తగాదాలు చూసే కాబోలు, 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు సమావేశమయ్యారు. ఆ సంఘం కాలక్రమాన నాలుగు షరతులు పెట్టింది. పనిలో గట్టి పాలు ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి ఉండాలి, తుదిప్రతిని ఒప్పుకుని ఉండాలి, మొత్తానికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. నాలుగూ ఉంటేనే కర్త. డబ్బు తెచ్చినవారికీ, శాఖకు పెద్ద అయినవారికీ కృతజ్ఞతల్లో చోటు. 1975లో హెదరింగ్టన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు తన పెంపుడు పిల్లిని సహరచయితగా పెట్టి పత్రం అచ్చువేయించాడు. 2015లో హిగ్స్ కణం బరువు మీద వచ్చిన పత్రానికి 5,154 మంది కర్తలు! ఒకచోట పిల్లి, మరొకచోట ఓ పెద్ద ఊరంత జనం. అందుకే ఈమధ్య కొన్ని పత్రికలు పేరు పక్కనే ఎవరు ఏ పని చేశారో 14 రకాలుగా విడగొట్టి రాయమంటున్నాయి.

కర్తృత్వ విచారం మన తెలుగువారికి కొత్తదేమీ కాదు. 'క్రీడాభిరామం' వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని పండితులు కొట్టుకున్నారు కదా! మన ప్రాంతానికే వస్తే, గద్వాల సీమ ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు అది జవాబు. కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు, పేరు పేరునా కూర్చి చూపించారు. అదే మనిషి తన పత్రికలో అనేక కలంపేర్లతో రాసి తన పేరును దాచుకున్నారు. 1952లో వనపర్తి ఓటర్లు ఆయనను శాసనసభకు పంపారు. నాగర్‌కర్నూలు నేలకు చెందిన కపిలవాయి లింగమూర్తి గారు 2018లో కన్నుమూసేదాకా ఈ సీమ చరిత్రనూ, మరుగున పడిన రచనలనూ వెతుకుతూనే ఉన్నారు. ఎవరో వెతికి నిలబెట్టకపోతే ఎంత మంచి కవి పేరయినా కరెంటు పోయిన మెమరీలాగే చెరిగిపోతుంది.

ఇంతటి పెద్దల గడ్డ మీద మన ప్రాజెక్టు రికార్డుల సంగతి చూడండి. జిరాక్సు షాపులో దొరికే పాత రికార్డుకు అట్ట మార్చి సంతకం చేయించుకునే పద్ధతి ఎవరికి తెలియదు? నలుగురి బ్యాచిలో ఒకడు పనిచేస్తాడు, ముగ్గురు పేరు రాస్తారు. లేబరేటరీలో పరికరం చెడితే బాగుచేసి లూపు తీయించిన అటెండరు పేరు కృతజ్ఞతల్లో కూడా కనబడదు. ఈమధ్య మరమనిషి చేత రాయించుకునే సౌకర్యం కూడా వచ్చింది. యు.జి.సి. 2018లో కాపీని శాతాల్లో కొలిచే నిబంధనలు తెచ్చింది. కాని పోలికను కొలిచే యంత్రం మాటలను పోల్చగలదు, పని ఎవరు చేశారో ఎట్లా చెబుతుంది?

"ఆలోచన నాది, లేబరేటరీ నాది, నా పేరు వద్దంటే ఎట్లా?" అని కొందరు లెక్చరర్లు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. ఆలోచన ఇచ్చి, లెక్క సరిచూసి, రాత దిద్ది, రేపు అడిగితే జవాబు చెప్పగలిగినవారి పేరు తప్పక ఉండవలసిందే. ఎందరో గురువులు ఆ పని రాత్రిళ్లు మేలుకుని చేస్తున్నారు. లూపు సవ్యమో అపసవ్యమో చూడకుండా సంతకం పెట్టినవారి గురించే నా పేచీ. అట్లాగే "పాపం స్నేహితుడు, పేరు చేర్చితే మనదేం పోతుంది?" అనే విద్యార్థి మిత్రులకూ ఒక మాట. పోయేది ఉంది. రేపు ఉద్యోగంలో వాడు ఆ పని చేయలేకపోతే చెడేది మన కాలేజీ పేరు.

నా సూచన చిన్నది, పైసా ఖర్చు లేనిది. వచ్చే సంవత్సరం నుంచి ప్రతి ప్రాజెక్టు రికార్డులో మొదటి పేజీ తరవాత ఒక పేజీ పెడదాం. నమూనా ఎవరు తయారుచేశారు, కొలత ఎవరు తీశారు, లెక్క ఎవరు కట్టారు, ఎవరు రాశారు, యంత్రం సాయం ఎక్కడ తీసుకున్నారు, పరికరం ఎవరు బాగుచేశారు అన్నది తెలుగులోనే, ఒక్కొక్క వాక్యంలో రాద్దాం. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ పేజీ తెరిచి, ఎవరి వాక్యం గురించి వారినే అడగాలి. తెలుగు శాఖవారు సేకరించే జానపద గేయాలకూ ఇదే పేజీ కావాలి. పాడిన అవ్వ పేరు, ఊరు మొదటి వాక్యంలో ఉండాలి. యూనియన్ మిత్రులు ఈ తీర్మానం పెడితే కాదనే అధ్యాపకులు ఎక్కువమంది ఉంటారని నేననుకోను.