టోక్యో శిథిలాలు మనకెందుకు?

మనవాళ్ళు కట్టే గన్‌ప్లా డయోరమాలు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎప్పుడూ ఆ కూలిపోయిన టోక్యో వీధే. గండమ్‌ని (పేరు తెలుగులో భలే అతికింది) మా నిమ్మనపల్లె రోడ్డు మీద నిలబెడదామంటే "కామెడీ అయిపోతుంది బ్రో" అంటారు. ఎందుకవుతుంది?

1979లో టీవీలో కనిపించిన గండమ్ ఎత్తు 18 మీటర్లు. 1980లో బండాయ్ మొదలుపెట్టిన 1/144 కిట్‌లో అది పన్నెండున్నర సెంటీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మ, అంతే. దానికి ఎత్తు వచ్చేది పక్కన పెట్టిన వస్తువు వల్ల. ఆ వస్తువు కొలత మన కంటికి ముందే తెలిసుండాలి. టమాటా క్రేటు ఎంతుంటుందో ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ఈ స్కేల్లో క్రేటు మూడు నాలుగు మిల్లీమీటర్లు, టమాటా ఒక బొంబాయి రవ్వ పలుకు. రవ్వకి ఎర్ర రంగు పట్టించి కుప్ప పోసి, పక్కన రోబో పాదం పెట్టండి. అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో.

బొమ్మల కొలువులో ఆవాలు మొలకెత్తించి పొలం చేసిన అమ్మమ్మలకి ఇదంతా తెలుసు, డయోరమా అన్న మాట తప్ప. మన సైన్స్ ఫిక్షన్ కథలకీ ఇదే జబ్బు, అది ఇంకోసారి.

ముందా ఎయిర్‌బ్రష్‌లో బూడిద రంగు కడిగేయండి. మదనపల్లె మార్కెట్ యార్డుకెళ్ళి లారీ టైర్ల కింద నలిగిన టమాటాల రంగు చూసి రండి.