మౌసు ఎవరి చేతిలో?



మన హాస్టల్లో లాప్‌టాప్‌లు మూడు. ఇంకో నాలుగు ఉంటే బాగుండునని ఈ మధ్య అందరూ అంటున్నారు. రావద్దని నేను అనను. కానీ ఉన్న మూడింటి చుట్టూ ఏం జరుగుతోందో పూర్వ విద్యార్థులైన అన్నలకు ముందుగా తెలియాలి.

సాయంత్రం స్టడీ అవర్లో ఒక్కో లాప్‌టాప్ దగ్గర పన్నెండు మంది చేరతాం. మౌసు మాత్రం ఎప్పుడూ ఒకడి చేతిలోనే. వాడు టెన్త్ వాడో, ఇంట్లో ఫోను బాగా అలవాటైనవాడో అయి ఉంటాడు. పక్కనున్న ఇద్దరు "అది నొక్కరా, ఇది నొక్కరా" అంటుంటారు. వెనకున్న ఆరో తరగతి తమ్ముడికి తెర కనబడదు, ముందువాడి తలకాయ కనబడుతుంది. జూన్‌లో చేరిన పిల్లల్లో కొందరు ఇంతవరకు కీబోర్డు ముట్టుకోలేదు. అడగడానికి మొహమాటం. వెనక నిలబడడం మన తాత తండ్రులకు ఊళ్లో బలవంతంగా నేర్పారు. అది తప్పించుకోవడానికే కదా మనం ఇక్కడికి వచ్చింది! మరి అదే వెనక వరుస మన గదిలో మనమే ఎందుకు తయారు చేయాలి?

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పల్లె బడుల్లో ఇదే చూశారు. 2006లో వారు ఒకే కంప్యూటరుకు చాలా మౌసులు తగిలించి, ఒక్కో పిల్లవాడికి ఒక్కో రంగు బాణం గుర్తు ఇచ్చే పద్ధతిని వివరించారు. యంత్రం పెరగలేదు, చేతులు పెరిగాయి.

పోనీ మనిషికొకటి ఇస్తే? పెరూ దేశంలో అదీ చేశారు. 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరిగిన దాఖలా లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ముగ్గురికి ఒక జట్టు. జట్టుకు అరగంట, అందులో పది నిమిషాలకోసారి మౌసు చేయి మారాలి. గదిలో కూర్చునేది 36 మందిమి, అంటే 12 జట్లు. మూడు లాప్‌టాప్‌ల మీద రెండు గంటల్లో అందరి వంతూ వస్తుంది. మిగతా సమయం పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. మౌసు పట్టినవాడు సొంతంగా నొక్కకూడదు, మిగతా ఇద్దరు చెప్పిందే నొక్కాలి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు ఉచితం, ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. ఒక బల్బు వెలుగుతుండగా రెండోది శ్రేణిలో కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా? నొక్కకముందే ముగ్గురూ నోటుబుక్కులో రాయాలి. ముగ్గురూ మూడు రకాలుగా రాస్తే ఇంకా మంచిది, అసలు చదువు ఆ వాదనలోనే ఉంది. (పాటల ఫోల్డరు సంగతి వార్డెన్ గారికి తెలియదనుకుంటున్నాం గానీ, తెలుసు.)

"మాకు పబ్లిక్ పరీక్షలున్నాయి" అని టెన్త్ అన్నలు అంటారు. న్యాయమే. భోజనాల తర్వాత మూడూ వాళ్లే తీసుకోవచ్చు. కానీ స్టడీ అవర్ మాత్రం అందరిదీ.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక మనవి. కొత్త లాప్‌టాప్‌లకు ముందు, చార్జింగ్ నిలవని పాత రెండింటికీ బ్యాటరీలు ఇప్పించండి. వంతులు చూసుకోవడానికి గదిలో ఒక గోడ గడియారం కావాలి. దగ్గరి ఊళ్లలో ఉద్యోగాలు చేసే అన్నలు నెలకో ఆదివారం వచ్చి, ఆరో తరగతి పిల్లల పక్కన రెండు గంటలు కూర్చోగలిగితే, పేర్లు వార్డెన్ గారి దగ్గర రాయించండి.